యాత్రికుడు, పగడపు దిబ్బ, తాబేలు: ఆస్ట్రేలియా తీరము చెప్పు పాఠము



మన భాషలో "యాత్ర" గౌరవముగల మాట. యాత్రకు పోవువాడు కొన్ని నియమములు పాటించును. గుడి వాకిట చెప్పులు విడుచును, కాళ్ళు కడుగుకొనును, కోనేటి నీటిని మురికి చేయడు. తాను కన్నులార చూచినది తన వెనుక వచ్చువారికిని అట్లే మిగులవలెనని కోరును. నేడు పర్యాటకమను పేర లోకమంతట సాగుచున్న గొప్ప వ్యాపారము ఈ నియమమును ఎంతవరకు పాటించుచున్నది? పాటించినచోట ఏమి నిలిచినది? పాటింపనిచోట ఏమి పోయినది? ఈ ప్రశ్నలకు మనము నివసించు ఆస్ట్రేలియా దేశముననే స్పష్టమైన జవాబులు కలవు. అందు కొన్ని మన చెఱకుతోటల చరిత్రతో ముడిపడి యున్నవి. అందుచేతనే ఈ సంచికకు ఈ విషయమును ఎన్నుకొంటిని.

1. రెండు మాటల అర్థము

మొదట మాటల అర్థము తెలిసికొందము. జీవవైవిధ్యము అనగా ఒక చోట నివసించు ప్రాణుల రకములన్నియు, ఒక్కొక్క రకములో గల భేదములును, అవి ఒకదానిపై నొకటి ఆధారపడి బ్రతుకు తీరును. నేల, నీరు, చెట్టు, పురుగు, పక్షి, చేప ఇవన్నియు ఒకే వలలోని ముడులు. ఒక ముడి విడిపోయిన వెంటనే వల చినుగదు. కాని ముడులు వరుసగా విడిపోవుచుండ వల నిలువదు.

సుస్థిర పర్యాటకము అనగా చూడవచ్చిన చోటును తరుగనీయక, అచ్చటి ప్రజల మర్యాదకు భంగము కలుగనీయక, రాబోవు తరములకు కూడ మిగులునట్లు చేయు యాత్ర. మన రైతు భాషలో చెప్పవలెనన్న, కడుపు ఎంత కాలుచున్నను విత్తనపు గింజలను వండుకొని తినకుండుట. పర్యాటకునకు పగడపు దిబ్బ, అడవి, పక్షిగూడు విత్తనపు గింజల వంటివి. వానిని తినివేసిన పిమ్మట వచ్చు సంవత్సరము కోతకు ఏమియు ఉండదు.

ఈ ఆలోచన ఆస్ట్రేలియాలో ప్రభుత్వ విధానముగా కూడ రూపొందినది. 1994 లో ఈ దేశము ప్రకృతి పర్యాటకమునకు ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించెను. కాని కాగితముపై వ్రాసినది వేరు, సముద్రములో జరిగినది వేరు. కనుక సముద్రమునకే పోవుదము.

2. మహా ప్రవాళ భిత్తిక

క్వీన్స్‌లాండ్ తీరము వెంబడి సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపు దిబ్బల వరుస కలదు. ఇది ఒక్క గోడ కాదు. 2,900 కు పైగా వేర్వేరు దిబ్బల సముదాయము. పగడము రాయివలె కనబడును గాని, దానిని కట్టినది ప్రాణి. గోటికంటె చిన్నదైన మెత్తని జంతువు సముద్రపు నీటినుండి సున్నమును గ్రహించి తన చుట్టును గూడు కట్టుకొనును. దాని శరీరములో కంటికి కనబడని నాచు నివసించి, సూర్యకాంతితో ఆహారము చేసి దానికి పెట్టును. అతిథి వంట చేసి ఇంటివానికి పెట్టుట వంటిదే ఈ కాపురము. ఆ నాచువలననే పగడమునకు రంగు. అట్టి చిన్న ప్రాణులు వేల సంవత్సరములు కట్టిన కట్టడమిది.

ఈ దిబ్బను రక్షించుటకు 1975 లో ప్రత్యేక శాసనము వచ్చెను. 1981 లో ఐక్యరాజ్య సమితి సంస్థ యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. సముద్ర ఉద్యానవనముగా రక్షింపబడు భాగము 3,44,400 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిపినదానికంటె ఎక్కువ.

3. చెఱకు పొలమునకు దిబ్బను త్రవ్వబోయిన కథ

ఈ రక్షణ తనంత తాను రాలేదు. 1967 లో ఇన్నిస్‌ఫెయిల్ పట్టణమునకు సమీపమున గల ఎల్లిసన్ దిబ్బను త్రవ్వి సున్నపురాయి తీయుటకు అనుమతి కోరుచు ఒక అర్జీ ప్రభుత్వమునకు చేరెను. ఆ సున్నము దేనికి? చెఱకు పొలములకు చౌకగా ఎరువు వేయుటకు. దిబ్బ ఎటులను చచ్చినదే కదా, తీసికొనిన తప్పేమి, అనునది అర్జీలోని వాదము.

బింగిల్ బే నివాసియగు చిత్రకారుడు జాన్ బ్యూస్ట్, కవయిత్రి జూడిత్ రైట్, అడవుల శాస్త్రజ్ఞుడు లెన్ వెబ్ ఈ ముగ్గురును దానిని ఎదిరించిరి. మాటతో వాదించుట చాలదని, యువకులైన శాస్త్ర విద్యార్థులు నీటిలో మునిగి ఆ దిబ్బను పరీక్షించిరి. వారు 88 రకముల సజీవ పగడములను, 60 రకముల నత్తజాతి ప్రాణులను, 190 రకముల చేపలను లెక్కించి చూపిరి. చచ్చినదన్న దిబ్బ బ్రతికియే యున్నదని తేలెను. అర్జీ త్రోసివేయబడెను. తరువాత దిబ్బపై చమురు బావులు త్రవ్వవలెనను ప్రయత్నము వచ్చినప్పుడు కూడ ఇదే ఉద్యమము దానిని నిలిపివేసెను. ఆ పోరాటము ఫలించుటచేతనే 1975 శాసనము పుట్టినది. జూడిత్ రైట్ ఈ చరిత్రను 1977 లో ఒక గ్రంథముగా ప్రకటించిరి.

పిల్లలారా, ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. ఒక చిత్రకారుడు, ఒక కవయిత్రి, ఒక శాస్త్రజ్ఞుడు, కొందరు విద్యార్థులు. వారికి అధికారము లేదు, ధనము లేదు. వారివద్ద నున్నది లెక్క. ఎన్ని రకముల ప్రాణులున్నవో లెక్కించి చెప్పుటయే వారి ఆయుధము.

4. యాత్రికుడు దిబ్బకు ఇచ్చునదేమి?

నేడు సంవత్సరమునకు సుమారు 20 లక్షల మంది ఈ దిబ్బను చూడ వత్తురు. అందు అధిక భాగము కెయిర్న్స్, విట్‌సండే ప్రాంతములకే పోవుదురు. 2017 లో వెలువడిన ఒక లెక్క ప్రకారము దిబ్బవలన ఆస్ట్రేలియాకు ఏటేట 640 కోట్ల డాలర్ల ఆదాయమును, 64,000 ఉద్యోగములును కలుగుచున్నవి. పర్యాటకమే ఇందు పెద్ద పాలు. ఇంత సంపద ఇచ్చు దిబ్బను సున్నము కొఱకు త్రవ్వుదమని నేడెవ్వరును అడుగజాలరు. ఇది పర్యాటకము చేయు మొదటి మేలు: బ్రతికియున్న దిబ్బకు వెల కట్టి చూపుట.

రెండవ మేలు, యాత్రికుడే కాపలాకు ధనమిచ్చుట. 1993 నుండి దిబ్బకు పోవు ప్రతి యాత్రికుడును పడవ టికెట్టుతో పాటు ఒక చిన్న రుసుము చెల్లించును. అది సముద్ర ఉద్యానవనపు నిర్వహణకు చేరును. మన గుడిలో దర్శనమునకు వచ్చినవారు దీపపు చమురునకు కొంత ఇచ్చుట వంటిదే ఇది.

మూడవది క్రమశిక్షణ. పడవ నిలుపుటకు లంగరు వేసినచో ఇనుప గొలుసు ఈడ్చుకొనిపోయి వంద ఏండ్ల పగడమును ఒక్క గడియలో విఱుగగొట్టును. అందుచేత చూడదగిన చోట్ల నీటిపై తేలు బోయలను శాశ్వతముగా నిలిపి, పడవలను వానికే కట్టునట్లు చేసిరి. 2004 లో ఉద్యానవనపు హద్దులను తిరుగ వ్రాసి, చేపలు పట్టరాని భాగమును 5 శాతమునకు లోపు నుండి 33 శాతమునకు పెంచిరి. ఆ భాగములలో పెద్ద చేపలు అధికమైనట్లు తరువాతి పరిశీలనలలో తేలెను.

నాల్గవది కన్ను. పడవ నడుపువారు ప్రతిదినము అదే దిబ్బకు పోవుదురు. ఏ పగడము తెల్లబడినది, ఎచ్చట ముండ్ల కిరీటపు నక్షత్ర చేపలు పెరిగినవి, ఏ తాబేలు గాయపడినది, ఇవన్నియు మొదట చూచువారు వారే. వారు చూచినది వ్రాసి అధికారులకు పంపు ఏర్పాటు కలదు. పగడమును తినివేయు ఆ నక్షత్ర చేపలు మితిమీరినప్పుడు, నీటిలో మునుగు పనివారు ఒక్కొక్కదానికి సూదితో మందు ఎక్కించి చంపుదురు. సామాన్యమైన వెనిగర్ కూడ ఆ పనికి చాలునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇట్లు చూచిన, పర్యాటకుడు దిబ్బకు శత్రువు కానవసరము లేదు. హద్దు గీచి, రుసుము తీసికొని, పని అప్పగించిన యెడల అతడు కావలివాడు కాగలడు.

5. చెఱకును దిబ్బయు

ఇప్పుడు మనకు దగ్గరి విషయము. మన తాతముత్తాతలు విశాఖ, గోదావరి, నెల్లూరు సీమలనుండి ఓడలెక్కి మారిషస్, నేటాల్, ఫిజీ దీవులకు పోయినది చెఱకు కొఱకే. క్వీన్స్‌లాండ్ చెఱకు తోటలలో అట్టి పనియే పసిఫిక్ దీవుల ప్రజలచేత చేయించిరి. 1863 నుండి 1904 వరకు సుమారు 62,000 ఒప్పందములపై వారిని వనువాటు, సాలమన్ మొదలగు దీవులనుండి తెచ్చిరి. అందు మోసముచేతను బలవంతముచేతను తేబడినవారు కలరు. చెఱకు తీపి, దాని చరిత్ర చేదు.

చెఱకు తోట నేలపై మాత్రమే ఉండదు. వాన కురిసినప్పుడు పొలములోని మట్టి, ఎరువు, కలుపుమందు కాలువలలో కలిసి, నదులద్వారా సముద్రమునకు చేరును. మట్టి నీటిని కలచి వెలుతురును అడ్డగించును. ఎరువువలన సముద్రములోని సూక్ష్మమైన నాచు పెరుగును. ముండ్ల నక్షత్ర చేప పిల్లలు తినునది ఆ నాచునే. అనగా పొలములో వేసిన ఎరువు, పగడమును తిను శత్రువునకు పాలుగా మారుచున్నది. ఈ సంబంధము మొదట ఎవరికిని తోచలేదు.

దీనికి మందు కూడ పొలములోనే కలదు. పూర్వము కోతకు ముందు చెఱకు తోటను తగులబెట్టెడివారు. నేడు పెక్కు చోట్ల పచ్చి చెఱకునే కోసి, ఆకును నేలపై దుప్పటివలె పఱచి విడుతురు. మట్టి కొట్టుకొనిపోదు, తడి ఆరదు, కలుపు తగ్గును. ఎరువును అవసరమైనంతయే లెక్కించి వేయుట మరియొక మార్గము.

పురుగును చంపుటకు పరదేశపు జంతువును తెచ్చుట వలన కలిగిన కష్టమును కూడ చెఱకే మనకు చూపినది. ఫిజీలో చెఱకు తోటల ఎలుకలను తినుటకని 1883 లో ముంగిసను తెచ్చిరి. అది ఎలుకలతో తృప్తి చెందక నేలపై గూడు పెట్టు పక్షులను తినివేసెను. క్వీన్స్‌లాండ్‌లో చెఱకు వేరుపురుగును తినుటకని 1935 లో హవాయి దీవులనుండి సుమారు నూరు కప్పలను తెచ్చి పెంచి విడిచిరి. ఆ కప్పలు పురుగును అరికట్టలేదు; విషముగల తమ ఒంటితో వానిని తిన్న ఉడుములను, చిన్న మాంసాహార జంతువులను చంపుచు నేడు పశ్చిమ ఆస్ట్రేలియా వరకు వ్యాపించినవి. చెఱకు కప్ప అనియే దాని పేరు.

దిబ్బను చూడ వచ్చు యాత్రికుని పడవ ఎంత శుభ్రముగా నున్నను, వెనుకనున్న నేల శుభ్రముగా లేనిచో లాభము లేదు. తీరము, పొలము ఒకే ఇంటి రెండు గదులు.

6. మోన్ రెపో తాబేళ్ళు

బండబర్గ్ పట్టణమునకు ప్రక్కన మోన్ రెపో అను ఇసుక తీరము కలదు. ఆ మాటకు ఫ్రెంచి భాషలో "నా విశ్రాంతి" అని అర్థము. మారిషస్ బంధువులకు చెప్పనక్కరలేదు. ఒకప్పుడు అది ఒక చెఱకు తోట యజమాని ఎస్టేటు. 1884 ప్రాంతమున పసిఫిక్ దీవుల కూలీలు పొలములోని నల్లరాళ్ళను ఏరి, సున్నము లేకయే ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన గోడ నేటికిని అచ్చట నిలిచియున్నది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము దానిని వారసత్వ కట్టడముగా రక్షించుచున్నది.

ఆ గోడకు దగ్గరలోనే ప్రతి సంవత్సరము నవంబరు మొదలు లాగర్‌హెడ్ జాతి సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డున కెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్క మారు వందకు పైగా గ్రుడ్లు పెట్టును. జనవరి నుండి మార్చి వరకు పిల్లలు బయటికి వచ్చి నీటివైపు పరుగెత్తును. ఆ చిన్న పిల్లలు ప్రవాహములో కలిసి పసిఫిక్ మహాసముద్రమును దాటి దక్షిణ అమెరికా తీరముల వరకు పోవును. అనేక సంవత్సరములు గడచిన తరువాత తిరిగి ఆస్ట్రేలియాకు వచ్చి, సుమారు 30 ఏండ్లకు పెద్దవై, తాము పుట్టిన ప్రాంతమునకే గ్రుడ్లు పెట్ట వచ్చును. సముద్రములు దాటిన మన కుటుంబములకు ఈ కథ క్రొత్తగా తోచదు.

1968 నుండి కాల్ లింపస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ తాబేళ్ళకు గుర్తులు వేసి లెక్కించుచున్నారు. 1970 ల నడుమ తూర్పు ఆస్ట్రేలియా తీరమున సుమారు 3,500 తల్లి తాబేళ్ళు గ్రుడ్లు పెట్టెడివి. 1990 ల చివరకు అవి సుమారు 500 కు తగ్గెను. రొయ్యల పడవల వలలలో చిక్కి మునిగి చచ్చుట, నక్కలు గ్రుడ్లను త్రవ్వి తినుట ముఖ్య కారణములు. లెక్క ఉండుటచేతనే కారణము తెలిసినది. వలలలో తాబేలు బయటపడు ద్వారము పెట్టుట 2001 నాటికి తప్పనిసరి యయ్యెను. తరువాత మోన్ రెపోకు వచ్చు తల్లుల సంఖ్య మరల పెరుగసాగెను.

ఇందు యాత్రికుని పాత్ర ఏది? అచ్చటికి ఎవరును తమ ఇష్టము వచ్చినట్లు రాత్రివేళ పోరాదు. టికెట్టు తీసికొని, గుంపులుగా, ఉద్యోగి వెంట పోవలెను. తాబేలు ఒడ్డుకు వచ్చువరకు గంటలకొలది వేచియుండవలెను. రాకపోయిన తిరిగి పోవలెను. దీపము వెలిగింపరాదు. కొన్ని సమయములలో ఆటుపోటులకు కొట్టుకొనిపోవునట్టి చోట పెట్టిన గ్రుడ్లను పై ఇసుకలోనికి మార్చుటకు యాత్రికుల చేతికే గ్రుడ్లను అందింతురు. మెత్తని ఆ గ్రుడ్డును చేతులలో పట్టుకొనిన బాలుడు వలల చట్టమును ఎన్నడును వ్యతిరేకింపడు. పర్యాటకము చేయదగిన గొప్ప పని ఇదియే: చూచువానిని పనివానిగా చేయుట.

తాబేలు పిల్లలు వెలుతురును బట్టి సముద్రమేదో తెలిసికొనును. పట్టణపు దీపములు ప్రకాశించిన అవి నేలవైపు నడచి చచ్చును. అందుచేత ఆ కాలమున దీపములను తగ్గించుడని తీరవాసులను కోరుదురు. దీపము వెలిగించుట పుణ్యమని నేర్చుకొన్న మనకు, దీపమార్పుట పుణ్యమగు రాత్రి కూడ ఉండునని ఈ తీరము చెప్పుచున్నది.

7. మేలు చేయబోయి కీడు చేసిన చోట్లు, తిరిగి సరిదిద్దుకొన్న చోట్లు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మంకీ మయా తీరమున 1960 ల నుండి జనులు డాల్ఫిన్లకు చేతితో చేపలు పెట్టుచు వచ్చిరి. చూచుటకు అది ముచ్చటగానే యుండెను. కాని చేతి తిండికి అలవాటుపడిన తల్లుల పిల్లలే ఎక్కువగా చనిపోవుచున్నవని పరిశీలనలో తేలెను. ఒడ్డున నిలిచి తిండికి వేచియుండు తల్లి పిల్లకు వేట నేర్పలేదు, కాపాడనులేదు. 1990 ల నడుమ తిండి పెట్టుటను గట్టిగా తగ్గించిన తరువాత పిల్లలు బ్రతుకుట పెరిగినది. ప్రేమకు కూడ కొలత ఉండవలెను.

మెల్బోర్న్ నగరమునకు సుమారు 140 కిలోమీటర్ల దూరములో ఫిలిప్ ఐలాండ్ కలదు. చీకటి పడగానే చిన్న పెంగ్విన్లు సముద్రమునుండి వరుసగా నడచి తమ బొరియలకు పోవుటను చూడ 1920 ల నుండియే యాత్రికులు వచ్చుచుండిరి. కాలక్రమమున పెంగ్విన్ల బొరియల నడుమనే ఇండ్లు, రోడ్లు వెలసెను. మోటారు బండ్ల క్రింద, కుక్కల నోట, నక్కల నోట పెంగ్విన్లు నశింపసాగెను. 1985 లో విక్టోరియా ప్రభుత్వము ఆ సమ్మర్‌లాండ్ ప్రాంతములోని ఏడు వందలకు పైగా స్థలములను క్రమముగా కొని, ఇండ్లను తీసివేసి, నేలను పెంగ్విన్లకు తిరిగి ఇయ్యవలెనని నిశ్చయించెను. ఆ పని 2010 వరకు సాగెను. 2017 లో దీవిలో నక్కలు లేవని ప్రకటించిరి. నేడు ఆ దీవిపై 30,000 కు పైగా పెంగ్విన్లు కలవు. చూడ వచ్చువారు ఫోటోలు తీయరాదు. మెఱుపు దీపము పక్షుల కన్నులను బెదరించును. టికెట్ల సొమ్ము పరిశోధనకును కాపలాకును పోవును. వేసవి ఇండ్లు పోగొట్టుకొన్నవారి బాధ నిజమైనదే. అయినను ఎవరో ఒకరు వెనుకకు తగ్గనిదే చోటు మిగులదు.

నడి ఆస్ట్రేలియాలోని ఉలురు కొండ మరియొక పాఠము. 1985 అక్టోబరు 26 న ఆ నేలను దాని అసలు యజమానులైన అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చిరి. కొండ నెక్కవలదని వారు ఏండ్ల తరబడి వేడుకొనిరి. చివరకు 2019 అక్టోబరు 26 న ఎక్కుట నిలిపివేసిరి. నేడు యాత్రికులు కొండ చుట్టును సుమారు 10 కిలోమీటర్లు నడచుదురు. సింహాచలము కొండకు గిరి ప్రదక్షిణము చేయు తెలుగువారికి ఇందలి మర్యాద ఎవరును వివరింపనక్కరలేదు. తొక్కుటకంటె చుట్టి వచ్చుటయే గౌరవము.

8. కోరింగ పేరుగల దీవులు

కెయిర్న్స్ రేవునకు తూర్పుగా 400 కిలోమీటర్లకు పైగా దూరమున, కోరల్ సముద్రములో, కోరింగ దీవులని పిలువబడు రెండు చిన్న ఇసుక దీవులు కలవని మనలో ఎందరికి తెలియును? 1845 లో అచ్చట పగిలిపోయిన కోరింగ ప్యాకెట్ అను ఓడ పేరే వానికి నిలిచినది. గోదావరి ముఖమున, కాకినాడకు దగ్గరనున్న కోరింగ రేవు మన చరిత్రలో ఎట్టిదో ఈ సంచిక చదువరులకు తెలియనిది కాదు. మారిషస్ దీవిలో తెలుగువారిని కోరింగీలనియే పిలిచెడివారు.

ఈ దీవులను 1982 లో ప్రకృతి రక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. నేడవి కోరల్ సముద్ర ఉద్యానవనములో భాగము. అచ్చట హోటలు లేదు, రేవు లేదు. సముద్రపు పక్షులును పచ్చ తాబేళ్ళును తప్ప కాపురమున్నవారు లేరు. అయినను మనుష్యుల ప్రయాణముల వెంట లోకమంతట వ్యాపించిన ఒక పొలుసు పురుగు ఆ దీవులను చేరెను. పరదేశపు చీమలు దానిని పోషించెను. 1990 ల దశకములో నైరుతి కోరింగ దీవిలోని పిసోనియా చెట్ల అడవి పూర్తిగా నశించెను. ఆ కొమ్మలపై గూడు కట్టు పక్షులకు నీడ పోయెను. ప్రక్కనున్న హెరాల్డ్ దీవిలోని అడవిని రక్షించుటకు ఆ పురుగును తిను అక్షింతల పురుగులను తెచ్చి విడువవలసి వచ్చెను.

దీనినుండి తెలియునది ఇది. మోన్ రెపో వలె చూపి రక్షింపదగిన చోట్లు కొన్ని. కోరింగ దీవుల వలె చూడక రక్షింపవలసిన చోట్లు కొన్ని. గర్భగుడిలోనికి అందరును పోరు. పోకుండుట వలన భక్తి తగ్గదు.

అచ్చట ఆంధ్రదేశములోని కోరింగ కథ వేరు. 1839 తుఫానులో ఆ రేవు నాశనమయ్యెను. మన పెద్దలు ఓడలెక్కిన ఆ తీరపు మడ అడవులు 1978 లో అభయారణ్యమయ్యెను. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లులు, నీటికుక్కలు, వలస పక్షులు అచ్చట నివసించును. యాత్రికులు కొయ్య వంతెనలమీదుగా నడచి, పడవలలో తిరిగి చూతురు. ఆ మడ అడవియే తుఫాను అలలను అడ్డగించు గోడ. పూర్వుల ఊరు చూడబోవు మన పిల్లలు ఊరితో పాటు ఆ గోడను కూడ చూచి రావలెను.

9. టికెట్టు ఆపలేనిది

ఇంతవరకు చెప్పిన మేలులన్నియు నిజమే. కాని వానికొక హద్దు కలదు. దానిని దాచుట గురువునకు తగదు. సముద్రము మితిమీరి వేడెక్కినప్పుడు పగడము తనలోని నాచును బయటికి త్రోసి తెల్లబారును. వేడి త్వరగా తగ్గిన కోలుకొనును. తగ్గనిచో ఆకలితో చచ్చును. ఇట్టి పెద్ద విపత్తులు దిబ్బపై 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో కలిగెను. 2016, 2017 లలోనే లోతు తక్కువగల నీటిలోని పగడములలో సుమారు సగము చచ్చెను. మోన్ రెపోలో కూడ ఇసుక వేడెక్కిన కొలది గ్రుడ్లనుండి ఆడ పిల్లలే ఎక్కువగా పుట్టును. మరింత వేడియైన పిల్లలు గ్రుడ్డులోనే చచ్చును.

ఈ వేడికి కారణము బొగ్గు, చమురు మండించుట. దిబ్బను చూడ వచ్చు విమానము కూడ ఆ చమురునే మండించును. బోయ కట్టి, రుసుము చెల్లించి, నక్షత్ర చేపలను చంపి మనము దిబ్బకు కొంత బలము, కొంత కాలము సంపాదించి పెట్టగలము. అంతకు మించి సంపాదింపలేము. దిబ్బను చూచి ఆనందించినవాడు ఇంటికి వచ్చి ఆ వేడినిగూర్చి మాటలాడకున్న, అతని యాత్ర సగము మాత్రమే పూర్తియైనది.

10. మన సంఘము చేయదగినవి

పండుగల తరువాతను, బడి సెలవులలోను మన కుటుంబములు కలిసి యాత్రలకు పోవుచుండును. ఆ యాత్రలకు ఈ నియమములను మన సంఘము స్వీకరింపవలెనని నా మనవి.

(1) దూరమైన నాలుగు చోట్లకు పరుగెత్తుటకంటె దగ్గరనున్న ఒక్క చోటికి పోయి ఎక్కువ కాలము నిలుచుట.

(2) ప్రకృతి రక్షణ ధ్రువపత్రము గల పడవవారిని, మార్గదర్శకులను ఎన్నుకొనుట. చౌక టికెట్టు ఎందువలన చౌకయో అడుగుట.

(3) తీరమున పూజచేసిన యెడల ప్లాస్టిక్కు, రంగు వేసిన వస్తువులు నీటిలో వేయకుండుట. పూవులను, టెంకాయ చిప్పలను తిరిగి ఇంటికి తెచ్చి మట్టిలో పూడ్చుట.

(4) ఏ జంతువునకును తిండి పెట్టకుండుట. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తేకుండుట. చెప్పులకంటిన మట్టిని, విత్తనములను దులిపి మరియొక చోటికి పోవుట.

(5) పోయిన చోటి ఆదివాసుల పేరును, వారి మాటను ముందుగా తెలిసికొని పిల్లలకు చెప్పుట.

(6) మోన్ రెపోకు పోయినవారు తాబేలుతో పాటు ఆ రాతి గోడను కూడ చూచుట. మనవంటి కూలీల చేతులు కట్టిన గోడ యది. దానికి నమస్కరించుటకు మనకంటె తగినవారెవరు?

11. పిల్లలకు ప్రశ్నలు

1. ఎల్లిసన్ దిబ్బ చచ్చినదికాదని ఎట్లు నిరూపించిరి?

2. పొలములోని ఎరువు పగడమునకు ఎట్లు హాని చేయును? మీ మాటలలో వ్రాయుడు.

3. చెఱకు కప్పకును ఫిజీ ముంగిసకును గల పోలిక ఏమి?

4. "చూపి రక్షించుట", "చూడక రక్షించుట" అను రెంటికిని ఒక్కొక్క ఉదాహరణము వ్రాసి, మీ ఇంటికి దగ్గరనున్న ఒక చోటు ఏ తెగకు చెందునో చెప్పుడు.

5. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి, వారి చిన్ననాట చెఱకు తోటలవద్ద కనబడిన పక్షుల పేర్లు పది వ్రాయుడు. అందు నేడు కనబడనివి ఎన్ని?

ఈ చివరి ప్రశ్నకు జవాబు ఏ గ్రంథములోను లేదు. అది పెద్దల జ్ఞాపకములోనే యున్నది. ఎల్లిసన్ దిబ్బవద్ద విద్యార్థులు చేసినట్లే, పేర్లు వ్రాసి లెక్కించుటతోనే రక్షణ ప్రారంభమగును. కనుక తల్లిదండ్రులారా, ఈ వారమే పెద్దలను అడిగి, పిల్లలచేత తెలుగులో వ్రాయించుడు. ఆ పట్టికలను తరగతికి పంపిన యెడల అన్నిటిని కలిపి భద్రపఱతుము.

సర్వప్రాణులకును శుభమగుగాక.